తల ఊపినవాడు

మీరే చేశారు ఈ పని, ఇంకెవరూ కాదు, ఈ అద్దాల గోడల వెనక చల్లగా కూర్చుని మనిషి బతుకంతా రెండు గళ్లలో పట్టాలన్న మీరే, అవును అని ఒక గడి, కాదు అని ఒక గడి, రెండింటి మధ్య ఒక మాట చెప్పుకోవడానికి వేలెడు జాగా వదలని మీరే, నాలుగేళ్లుగా అంజినమ్మ తుడిచిన నేల ఇది, ఇప్పుడు దీని మీద నా చెప్పుల దుమ్ము రాలుతోంది, రాలనీ, తుడిచే మనిషిని గేటు బయట నిలబెట్టింది మీరే కదా, సోమవారం పొద్దున ఆరున్నరకు ఆమె ఎప్పటిలాగే మెడలో కార్డు తీసి గేటు పక్కనున్న పెట్టెకు ఆనిస్తే పచ్చ లైటు రావలసిన చోట ఎర్ర లైటు వచ్చింది, మళ్లీ ఆనించింది, మళ్లీ ఎరుపే, కార్డుకు తడి అంటిందేమో అనుకుని కొంగుతో తుడిచి మూడోసారి ఆనించింది, వెనకున్న ఆడవాళ్లు టైమైపోతుందని ఆమెను పక్కకు జరిపి ఒక్కొక్కరే పచ్చ లైటులో లోపలికి పోయారు, గేటు కాసే సొన్నప్ప ఆమె మొహం చూడలేక రిజిస్టరు చూస్తూ, అక్కా, నీ పేరు తీసేసినారంట, లోపల ఆఫీసులో అడగమన్నారు, అన్నాడట, లోపల ఆఫీసుకు పోవాలంటే ఆ గేటే దాటాలి, ఆ గేటేమో ఆమెకు తెరుచుకోదు, ఇంత తెలివి మీకు ఎవరు నేర్పారు.

ఈ సోఫా నా నడుముకు పడదు, మెత్తగా లోపలికి లాక్కుంటోంది, ముప్పై ఏళ్లు లేత్ మెషిన్ ముందు నిలబడిన నడుము ఇది, చెక్క బల్ల మీదైతే నిటారుగా కూర్చుని గట్టిగా మాట్లాడగలను, ఇందులో కూర్చుంటే మోకాళ్లు గడ్డం దాకా వస్తాయి, ఇలా కూర్చున్నవాడు ఎవరి మీద అరవగలడు, అందుకే వేశారేమో, అంజినమ్మ మాత్రం అంచు మీద కూర్చుంది, ఈ సోఫాను దులపడమే తప్ప ఎన్నడూ దీని మీద కూర్చున్నది కాదు, నేను అటు జరగబోతే మెల్లగా, అన్నా, ఆ పక్కకి పోవద్దు, లోపల స్ప్రింగు ఇరిగిండాది, అని చెప్పింది, ఈ బిల్డింగులో ఏది విరిగిందో, ఏ కొళాయి కారుతుందో, ఏ అంతస్తులో కాఫీ మిషన్ ఎప్పుడు మొండికేస్తుందో ఆమెకు తెలిసినంత మీలో ఎవరికీ తెలియదు, అలాంటి మనిషి మెడలో ఇవాళ విజిటర్ అని రాసిన బిల్ల, నా మెడలోనూ అదే బిల్ల, నన్ను సొన్నప్ప అడిగింది రెండే, పేరేమి, ఎవర్ని చూడాల, వీరభద్రం అని రాశాను, పీణ్య కార్మిక సంఘం అని రాశాను, ఇన్నేళ్లలో ఎన్ని గేట్ల ముందు ఎన్ని మాటలన్నానో, ఎంతమంది మేనేజర్లు నా పేరు వింటే గేట్లు మూయించేవారో, అయినా ఏ పోలీసు పుస్తకంలోనూ నా పేరు లేదు, ఒక్క పూట లోపల కూర్చున్నది లేదు, పాత కేసులు వెతికే మీ యంత్రం నన్ను వెతికితే తెల్ల కాగితం వస్తుంది, ఈ మాట ఇప్పుడెందుకు గుర్తొచ్చింది, పోనీ, వచ్చిన పని చూడాలి.

మూడు బస్సులు మారి వచ్చాం, పీణ్య నుంచి మెజెస్టిక్ బస్టాండు, అక్కడి నుంచి ఇంకొకటి, రింగ్ రోడ్డు మీద మరొకటి, ఊరంతా తవ్వి పోశారు, ఎటు చూసినా సగం కట్టిన వంతెనలు, ఒకప్పుడైతే ఇంత దూరం వచ్చేసరికి నాకు కోపం తలకెక్కి ఉండేది, ఇప్పుడు నిద్ర వస్తోంది, పాత రోజుల్లో ఎవడి మీద కోపమో వాడు కళ్ల ముందే ఉండేవాడు, ఓనరు కారు దిగి కన్నడంలో తిట్టేవాడు, మనమూ తిట్టేవాళ్లం, సాయంత్రానికి ఏదో ఒకటి తేలేది, ఇప్పుడు ఎవర్ని పట్టుకోవాలి, నాలుగు రోజులుగా ఇదే తిరుగుడు, కాంట్రాక్టరును అడిగితే నాదేముందప్పా, కంపెనీ రూలు, అన్నాడు, కంపెనీకి ఫోన్ చేస్తే ఆమె మా ఉద్యోగి కాదు, కాంట్రాక్టరు మనిషి అన్నారు, కంపెనీ ఈ మధ్యే పాతవాళ్ల గతమూ వెతికించిందట, అలా మనుషుల గతం వెతికిపెట్టే ఆఫీసు ఒకటి ఉంది, అక్కడికి పోతే మేము ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాం, పెట్టుకోవడం తీసెయ్యడం మా చేతుల్లో లేదు అన్నారు, ఎవరి చేతుల్లోనూ లేని పని నాలుగు రోజుల కిందట పొద్దున ఆరున్నరకు ఎలా జరిగిపోయిందో చెప్పే మొనగాడు ఈ బెంగళూరులో ఒక్కడు లేడు, ఈ నాలుగు రోజులూ అంజినమ్మ ఎప్పటిలాగే ఐదు గంటలకు లేచి, తల దువ్వుకుని, యూనిఫాం చీర కట్టుకుని ఇంట్లోంచి బయల్దేరుతోంది, నేరుగా మా సంఘం ఆఫీసు మెట్ల మీదికి వచ్చి కూర్చుంటోంది, మధ్యాహ్నం అక్కడే డబ్బా విప్పుకుని తింటోంది, సాయంత్రం ఆరింటికి లేచి పోతోంది, కూతురు ఆశకు చెప్పలేదు, ఆ పిల్లకు పని పోయిందనీ తెలియదు, అసలు తల్లి మీద ఎప్పుడో ఒక కేసు ఉండేదనే తెలియదు, ఎందుకు చెప్పలేదమ్మా అంటే, చెప్పేదానికి ఏముండాది అన్నా, అది అయిపోయిందే అంటివి కదా నువ్వు, అంది, నేను మెట్లకు ఎదురుగా ఉన్న సైకిల్ షాపు వైపు చూశాను.

అంటివి కదా నువ్వు, ఆ మాట బస్సులో దారి పొడుగునా నా పక్కనే కూర్చుని వచ్చింది, అన్నాను, రెండుసార్లు అన్నాను, రెండోసారి అన్నది ఇక్కడ చేరేటప్పుడు, రెండు వేల మూడులో, అప్పుడు సూపర్‌వైజర్ దర్శన్ మంచినీళ్ల డ్రమ్ము మీద కాగితాల కట్ట పెట్టుకుని నలభై మంది ఫారాలు ఒక్క గంటలో నింపాడట, పేరు ఊరు వయసు ఆమెను అడిగాడు, మిగతావన్నీ తనే టిక్కులు పెట్టుకుంటూ పోయాడు, కేసులు, అరెస్టులు, శిక్షలు ఉన్నాయా అన్న చోట నలభై మందికీ కాదు, కాదు, కాదు, చెయ్యి ఆగలేదు, నవ్వుతూ మాత్రం అన్నాడట, ఏమక్కో, ఎవురినన్నా చంపినావా ఏంది, అని, అందరూ నవ్వారు, అంజినమ్మా నవ్వింది, నవ్వింది గానీ ఆ సాయంత్రం రూపాయి ఫోన్ నుంచి నాకు చేసింది, అన్నా, ఆ పొద్దుటి కేసు ఉండాదా, పోయిందా, ఫారంలో కాదు అని రాసేసినాడు, పోయి చెప్పేదా, అని, నేను ఏదో మీటింగులో ఉన్నాను, చుట్టూ మనుషులు, చెవిలో వేలు పెట్టుకుని, అది పోయి ఐదేళ్లయింది తల్లీ, మర్చిపో, దాన్ని తవ్వుకోవద్దు, అని పెట్టేశాను, ఎంతసేపు మాట్లాడి ఉంటాను, రూపాయి కూడా పూర్తిగా అరిగి ఉండదు.

పిలిచారు, లేదు, మనుషుల్ని పెట్టుకునే, తీసేసే ఆఫీసు పిల్లే బయటికి వచ్చింది, ఇరవై ఆరేళ్లుంటాయేమో, కళ్ల కింద నలుపు, చేతిలో ఫైలు, నేను బస్సులో కన్నడంలో నాలుగు మాటలు సానపెట్టుకుని వచ్చాను, తొలి మాటకే కుర్చీ విరగాలని, ఆ పిల్లేమో నమస్తే అంకుల్, నా పేరు కిరణ్మయి, మాది తెనాలి, మీరు తెలుగువాళ్లని అంజినమ్మగారు చెప్పారండీ, అని గ్లాసుతో మంచినీళ్లు అందించింది, తిట్టడానికి వచ్చినవాడికి సొంత భాషలో నీళ్లిస్తే ఏం చెయ్యాలి, తాగాను, చిన్న గదిలో కూర్చోబెట్టింది, ఇక్కడ మామూలు కుర్చీలే, కొంచెం బలం వచ్చింది, ఫైలు తెరిచి ఒక కాగితం మా వైపు తిప్పింది, సగం పేజీ, అంజినమ్మ పేరు, చిరునామా, ఫొటో, కింద ఒక ఎర్ర గీత, నేర చరిత్ర, ఉన్నది, తొంభై ఆరు నాటి కేసు, తొంభై ఎనిమిదిలో నేరం ఒప్పుకున్నది, జరిమానా, అంతే, ఆ గీత మీద నా వేలు పెట్టాను, లేత్ మెషిన్ తీసుకున్నాక మిగిలిన సగం వేలు, ఆ పిల్ల దాన్ని చూసి చూపు తిప్పుకుంది, ఏమి కేసో దీంట్లో రాసుండాదా తల్లీ అన్నాను, సెక్షన్ నంబర్లు ఉన్నాయండీ అంది, గేటు ముందు కూర్చున్నందుకు అని రాసుండాదా, అలా రాయరండీ, అద్దం పగిలిందా మనిషి చచ్చినాడా అని రాసుండాదా, ఆ పిల్ల కాగితాన్ని ఇంకోసారి చదివింది, మొదటిసారి చదువుతున్నట్టు చదివింది, లేదండీ, అంది.

అంకుల్, నిజం చెప్పాలంటే కేసు చిన్నదే కావచ్చు, పాతది కావచ్చు, అది మేం చూసుకునేవాళ్లం, కానీ ఫారంలో లేదు అని డిక్లేర్ చేశారు, ఇక్కడ ప్రాబ్లమ్ కేసు కాదండీ, అబద్ధం, మా క్లయింట్లు ఆడిట్ చేస్తారు, వాళ్లకు మేమేం చెప్పాలి, అంటోంది కిరణ్మయి, మెత్తగానే అంటోంది, నేను అడిగాను, సరే తల్లీ, ఉండాది అని రాసింటే ఆ పొద్దు పనిలోకి పెట్టుకునింటారా, చెప్పు, మీ ఇంట్లో ఒట్టు పెట్టి చెప్పు, ఆ పిల్ల పెన్ను మూత తీసింది, మళ్లీ పెట్టింది, ఉంది అంటే గేటు తెరుచుకోదు, లేదు అంటే నాలుగేళ్ల తరువాత దొంగవి అంటారు, ఎటు పోయినా మీకే గెలుపు వచ్చేలాగ రాసుకున్నారు ఆ రెండు గళ్లు, ఈ నాలుగేళ్లలో ఆమె టేబుళ్ల మీద మర్చిపోయిన గొలుసులు, ఫోన్లు, జీతం కవర్లు ఎన్ని సొన్నప్ప దగ్గర అప్పజెప్పిందో మీ రిజిస్టరులోనే ఉంది, దాన్ని వెతికిపెట్టే ఆఫీసు మాత్రం ఎక్కడా పెట్టలేదు, అంజినమ్మ నా మోచెయ్యి తట్టింది, ఊరికే ఉండన్నా, ఆ పాప ఏమి చేస్తుంది, పొద్దునే ఎనిమిదికి వస్తుంది, ఏమీ తినదు, కాఫీ ఒకటే, అంది, తనను పనిలోంచి తీసేసే మనిషి ఆకలి గురించి చెబుతోంది, ఆమె ఒళ్లో సంచి, సంచిలో ప్లాస్టిక్ డబ్బా, గట్టిగా పట్టుకుని కూర్చుంది, ఆమె స్టీలు డబ్బా తేదు, ఎందుకు తేదో ఈ గదిలో నాకొక్కడికే తెలుసు.

ఆ డబ్బా ఉండేది, మూడు గిన్నెల స్టీలు డబ్బా, ఆమె పెళ్లికి మేనమామ ఇచ్చింది, మన వాళ్లు గిన్నె పెడితే పేరు కొట్టించకుండా పెట్టరు, ఎన్ని ఇళ్లు తిరిగినా తిరిగి సొంతదారు చేతికి రావాలని, మూత మీద చుక్కలు చుక్కలుగా అంజినమ్మ, గౌరిబిదనూరు అని కొట్టించి ఉంది, తొంభై ఆరులో పీణ్యలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చేసేది, ఎనిమిదిన్నరకు గేటు మూసేవాళ్లు, బస్సు ఐదు నిమిషాలు ఆలస్యమైతే పూట పోయేది, మూడు రోజులు వరసగా ముప్పై మంది బయట నిలబడ్డారు, నా దగ్గరికి వచ్చారు, నేనే చెప్పాను, రేపు ఎనిమిదికి అందరూ గేటు ముందు కూర్చోండి, గేటు తెరవండి అని ఒకటే మాట అనండి, ఇంకేమీ వద్దు, నేను ముందుంటాను అని, నేను ముందు లేను, నేను నగర్తపేటలో ఉన్నాను, ఇత్తడి పనివాళ్ల మీటింగు, గంటలో వచ్చేద్దామని పోయాను, మాట్లాడాను, చప్పట్లు కొట్టారు, ఇంకొంచెం మాట్లాడమన్నారు, మాట్లాడాను, బాగా మాట్లాడాను, ఆ రోజు మాట్లాడినట్టు మళ్లీ ఎన్నడూ మాట్లాడలేదు, పదకొండుకు పీణ్య చేరేసరికి పోలీసు వ్యాను వెళ్లిపోయింది, గేటు ముందు అద్దం ముక్కలు, చెప్పులు, ఒలికిన చిత్రాన్నం, మేనేజరు కారు ఆడవాళ్ల మధ్యలోంచి దూసుకుపోబోతే ఎవరో ఏదో విసిరారు, గోడ పక్కన వరసగా పెట్టిన డబ్బాల్లోంచి ఒకటి, ఎవరి చెయ్యో ఎవరికీ తెలియదు, మిగతా అన్నిటి మీదా పేర్లున్నాయి, విసిరినదాని మీదా ఉంది, పోలీసాయన మూత తిప్పి చదివాడట, అంజినమ్మ యారు, అన్నాడట, నేనే సామీ, నా డబ్బా, ఈ పక్క పెట్టింటిని, అని చెయ్యి చాచి ముందుకు పోయింది, తన డబ్బా తనకు ఇస్తారనుకుని.

ఆరుగురిని తీసుకుపోయారు, ఆమె పేరు మొదటిది, నా పేరు లేదు, కూర్చోమన్నవాడి పేరు ఎవరూ అడగలేదు, ఆ ఆరుగురిలో ఒక్కరూ చెప్పలేదు, ఇప్పుడు తెలుస్తోందా, నా తెల్ల కాగితం ఎవరు కడిగిపెట్టిందో, తరువాత రెండేళ్లు వాయిదాలు, పొద్దున ఆరుకు బయల్దేరి కోర్టు వరండాలో మధ్యాహ్నం మూడు దాకా కూర్చుంటే గుమాస్తా బయటికొచ్చి ఇంకో తేదీ చెప్పేవాడు, నెలకో రోజు పోయే మనిషిని ఏ ఫ్యాక్టరీ పెట్టుకుంటుంది, మూడు చోట్ల తీసేశారు అంజినమ్మను, వకీలు దామోదర్ మంచివాడు, మన దగ్గర ఏమీ తీసుకోకుండా తిరిగాడు, ఒక రోజు వరండాలో నన్ను పక్కకు పిలిచి, వీరభద్రం, నాకూ ఓపిక అయిపోయింది, వీళ్లను ఒప్పుకోమను, జైలు లేదు, జుల్మానాతో పోతుంది, ఈ రోజే అయిపోతుంది, అన్నాడు, ఈ రోజే అయిపోతుంది, ఎంత హాయిగా వినిపించిందో ఆ మాట, ఐదుగురు సరే అన్నారు, అంజినమ్మ మాత్రం స్తంభానికి ఆనుకుని, నేను విసరలేదన్నా, పేరు ఉన్నంత మాత్రాన నేను విసిరినట్టా, జడ్జి సామికి చెప్పేదానికే కదా రెండేండ్లు తిరిగింది, అంది, నేను ఏం చెప్పానో గుర్తులేదనుకునేవాణ్ణి, గుర్తుంది, చెప్పినా ఎవరు వింటారమ్మా అన్నాను, లోపలికి పోయారు, అడిగారు, ఐదుగురు అవునన్నారు, ఆమె వంతు వచ్చింది, అవును అని ఒక గడి, కాదు అని ఒక గడి, ఆమె నోరు తెరిచింది, తెరిచి, వెనక్కు తిరిగి, అంతమంది మధ్య నన్ను వెతుక్కుని చూసింది, నేను తల ఊపాను.

తల ఊపాను, ఎందుకూ అని ఎవరైనా అడిగితే వాళ్ల పనులు పోతున్నాయి కాబట్టి అని చెబుతాను, తొమ్మిదేళ్లుగా అదే చెప్పుకుంటున్నాను, అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు, నేను అలసిపోయాను, ఆ వరండా వాసన పడలేదు నాకు, ఆమె మొహం చూసినప్పుడల్లా నగర్తపేట చప్పట్లు గుర్తొచ్చేవి, ఆ ఫైలు మూతపడితే చాలనుకున్నాను, బయటికొచ్చి, అయిపోయింది తల్లీ, ఇక మర్చిపోండి, అని అందరికీ కాఫీ చెప్పాను, ఐదుగురు తాగారు, ఆమె గ్లాసు చల్లారిపోయింది, నా డబ్బా ఇస్తారా అన్నా ఇప్పుడు, అని అడిగింది, అడిగి తెస్తానన్నాను, అడగలేదు, ఆ తరువాత ఆమె ఏ గిన్నె మీదా పేరు కొట్టించలేదు, ఇంట్లో ఉన్నవాటి మీద కూడా రాయితో అరగదీసింది, ఆశ పెద్దయ్యాక, ఎందుకమ్మా అన్నిటి మీదా గీతలు, అని అడిగితే తోమి తోమి అలాగైంది అని చెప్పిందట.

అంకుల్, అంటోంది కిరణ్మయి, ఎంతసేపటి నుంచి అంటోందో, ఒక మార్గం ఉందండీ, నేను మా మేనేజర్‌తో మాట్లాడి ఒప్పించాను, టర్మినేట్ చేస్తే ఫాల్స్ డిక్లరేషన్ అని రికార్డులో పడుతుంది, అలా కాకుండా ఆవిడే రిజైన్ చేసినట్టు రాసిస్తే ఏ గొడవా ఉండదు, లెటర్ నేనే టైప్ చేసి ఉంచాను, సంతకం పెట్టేస్తే ఈ రోజే అయిపోతుంది, అంది, ఈ రోజే అయిపోతుంది, అదే మాట, అదే మెత్తదనం, ఆ పిల్ల మొహం చూశాను, దుర్మార్గం ఏమీ లేదు దాంట్లో, దామోదర్ మొహంలోనూ లేదు, నా మొహంలోనూ ఉండి ఉండదు ఆ పూట, పొద్దుటి నుంచి ఏమీ తినని మొహం, ఈ ఫైలు మూసి ఇంకోటి తెరవాలి, అంతే, తల్లీ, సంతకం పెట్టినాక ఇంకో చోట పనికి పోతుంది, అక్కడి వాళ్లూ ఇట్లనే గతం వెతకమంటారు, అప్పుడు ఈ సగం పేజీ రాదా, అని అడిగాను, రాదని నేను చెప్పలేనండీ, అంది ఆ పిల్ల, ఆ మాత్రం నిజం చెప్పినందుకు మనసులోనే దండం పెట్టుకున్నాను, నేను ఆ మాత్రం కూడా చెప్పలేదు, కాగితం బల్ల మీద ఉంది, పెన్ను దాని మీద అడ్డంగా ఉంది, అంజినమ్మ సంచి కింద పెట్టి పెన్ను తీసుకుంది, కాగితం మీదికి వంగింది, వంగి, ఆగి, తల తిప్పి నన్ను చూసింది.

అదే చూపు, తొమ్మిదేళ్లు ముసలిదైన అదే చూపు, కోపం లేదు, నింద లేదు, ఏం చెయ్యమంటావో చెప్పన్నా, అంతే, నా మెడ దానంతట అదే కదలబోయింది, ఎంత అలవాటైపోయిందో చూడండి, ఈసారి అడ్డంగా ఊపుదామనుకున్నాను, వద్దు, పెట్టొద్దు అని, సగంలో ఆపేశాను, అడ్డంగా ఊపినా నిలువుగా ఊపినా అది నా తలే, ఆమె నోరు మళ్లీ మూసుకుపోతుంది, పదకొండేళ్లుగా ఆమెను ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలే ఉంది, పోలీసాయన డబ్బాను అడిగాడు, కోర్టు నా తలను అడిగింది, దర్శన్ తన పెన్నును అడిగాడు, మీ యంత్రం పాత కాగితాన్ని అడిగింది, ఆమెను ఎవరడిగారు, నేనైనా అడిగానా, అంజినమ్మా, నన్ను చూడొద్దు, అన్నాను, ఈ పాపను చూడు, ఆ పొద్దు జడ్జి సామికి చెప్పాలని పోయింది ఇప్పుడు చెప్పు, నేను అడ్డం పడి ఆపితిని, తప్పు నాదే, నువ్వు చెప్పు, ఆమె నమ్మనట్టు చూసింది నన్ను, తరువాత పెన్ను పక్కన పెట్టింది, కొంగు సరిచేసుకుంది, కిరణ్మయి వైపు తిరిగింది, నేను విసరలేదమ్మా, అంది, నా డబ్బానే అది, నా చెయ్యి కాదు, గేటు తెరవండి అనే మాట తప్ప నేనేమీ అనలేదు, కోర్టులో అవునంటిని, అది అబద్ధం, నేను చెప్పిన అబద్ధం అదొక్కటే, మీ ఫారంలోది కాదు.

బయట ఎక్కడో కాఫీ మిషన్ మొరాయిస్తున్న చప్పుడు, అంజినమ్మ చెవి అటు పోయి మళ్లీ ఇటు వచ్చింది, కిరణ్మయి ఫైలు మూయబోయి ఆగింది, నేను లేచి నిలబడ్డాను, నడుము పట్టేసింది, ఫర్వాలేదు, నిలబడే చెబుతాను, నీకు కాదు తల్లీ, నీ ద్వారా వాళ్లందరికీ, ఆ రాజీనామా కాగితం తీసెయ్, ఆ సగం పేజీ తిప్పు, వెనక అంతా ఖాళీగా ఉంది, ఆమె చెప్పేది అక్కడ రాసుకో, ఆమె మాటల్లోనే, ఏ ఏడు, ఏ గేటు, ఎందుకు కూర్చున్నారు, ఎవరు కూర్చోమన్నారు, ఎవరు రాలేదు, ఎవరు తల ఊపారు, కింద ఆమె సంతకం, దాని కింద నాది, నా పేరు పూర్తిగా రాయి, మీ యంత్రానికి నేను కూడా దొరకాలి, ఇక ముందు ఏ మనిషి మీద ఆ ఎర్ర గీత కనబడినా ముందు ఆ మనిషిని పిలవండి, ఎదురుగా కూర్చోబెట్టండి, ఏం జరిగిందమ్మా అని అడగండి, చెప్పేదాకా ఆగండి, అలసట వస్తుంది, నాకు తెలుసు, వచ్చినా ఆగండి, విచారణ చేసుకుంటారా, చేసుకోండి, నెల పట్టనీ, ఏడాది పట్టనీ, కాదనేవాళ్లు లేరు, అంతదాకా ఆమెను మెట్ల మీద కూర్చోబెట్టే హక్కు మీకు లేదు, రేపు పొద్దున ఆరున్నరకు ఆమె వస్తుంది, కార్డు ఆనిస్తుంది, ముందు ఆ గేటు తెరవండి.